బంగారు ముళ్లు రాలిన రోజు

మధ్యయుగపు యూరప్‌లో గొప్పింటి యోధుడు యుద్ధంలో చిక్కితే చాలాసార్లు ప్రాణం పోయేది కాదు, డబ్బు పోయేది. 1302 జులై 11న కోర్ట్రైక్ పొలాల్లో ఆ లెక్క తప్పింది. నేతగాళ్లు, కసాయివాళ్లు భుజం భుజం కలిపి నిలబడితే, ఫ్రాన్స్ రాజ్యానికి మూలస్తంభాల్లాంటి ప్రభువులు ఒక్క మధ్యాహ్నంలో నేలకూలారు. ఎందుకు చనిపోయారు? ఎవరూ వాళ్లను ఎందుకు బతకనివ్వలేదు?

కోర్ట్రైక్ ఇప్పటి బెల్జియంలోని పట్టణం. 1302 యుద్ధం ముగిశాక అక్కడి మేరీమాత చర్చిలో స్పర్‌లు జతలు జతలుగా వేలాడదీశారు. గుర్రాన్ని అదిలించడానికి రౌతు మడమకు కట్టుకునే ముళ్లవి. వాటికి బంగారు పూత ఉంది. బంగారు ముళ్లు కట్టుకునే హక్కు నైట్ పట్టం పొందినవాడికే ఉండేది. చర్చికి చేరినవి ఐదు వందల జతలని చెబుతారు. కొందరు వృత్తాంతకర్తలు ఏడు వందలని రాశారు. లెక్క ఏదైనా, అవన్నీ శవాల కాళ్ల నుంచి విప్పినవే. ఒక్కో జత వెనక ఒక కోట ఉంది, కొన్ని ఊళ్ల శిస్తు ఉంది, వారసుడి కోసం ఎదురుచూసే వంశం ఉంది.

అందుకే ఆ పోరుకు ‘బంగారు స్పర్‌ల యుద్ధం’ అని పేరొచ్చింది. యూరప్‌లో అంతకుముందు ప్రభువులు యుద్ధాల్లో చావలేదని కాదు. ఇంతమంది, ఇంత పెద్దవాళ్లు, ఇంత తక్కువ స్థాయివాళ్లుగా తాము చూసినవాళ్ల చేతిలో ఒకేచోట చావడం మాత్రం ఆ కాలం మింగలేకపోయిన విషయం.

చిక్కినవాడు బంగారు గుడ్డు

ఆ దిగ్భ్రాంతి అర్థం కావాలంటే అంతకుముందు రెండు వందల ఏళ్ల యుద్ధాలు ఎలా జరిగాయో చూడాలి. 1119లో నార్మండీలోని బ్రెమ్యూల్ దగ్గర ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ, ఫ్రాన్స్ రాజు ఆరో లూయీ తలపడ్డారు. రెండు వైపులా కలిపి సుమారు 900 మంది నైట్‌లు పోరాడితే చనిపోయింది ముగ్గురేనని ఆనాటి సన్యాసి ఆర్డరిక్ విటాలిస్ రాశాడు. ఒంటి నిండా ఇనుప కవచం ఉండటం ఒక కారణమైతే, ఒకరినొకరు చంపడం కంటే పట్టుకోవడానికే ఇష్టపడటం రెండో కారణమని ఆయనే చెప్పాడు.

ఆ ఇష్టం వెనక దయ కొంతే, డబ్బే ఎక్కువ. బందీగా చిక్కిన ప్రభువు కుటుంబం విడుదల సొమ్ము చెల్లించేది. అందుకు ఊళ్లు తాకట్టు పెట్టేవారు, రైతుల మీద ప్రత్యేక పన్ను వేసేవారు. కోర్ట్రైక్ తర్వాత కూడా ఈ బేరం ఆగలేదు. 1356లో ప్వాతియే దగ్గర ఇంగ్లిష్‌వాళ్లకు చిక్కిన ఫ్రాన్స్ రాజు రెండో జాన్‌కు ముప్పై లక్షల బంగారు ఎక్యూలు ఖరీదు కట్టారు. చంపితే చేతికొచ్చేది కవచం, గుర్రం. పట్టుకుంటే జీవితాంతం కూర్చుని తినొచ్చు.

ఈ ఏర్పాటు నైట్‌లకు బీమాలా పనిచేసింది. ఈరోజు నేను నిన్ను వదిలేస్తే, రేపు నీవాళ్లు నన్ను వదిలేస్తారు. దీనికి మర్యాద, శౌర్యధర్మం అని గొప్ప పేర్లుండేవి. అయితే ఆ బీమాలో సభ్యత్వం గుర్రం, కవచం, వంశం ఉన్నవాళ్లకే. కాలినడకన ఈటె పట్టుకొచ్చిన వాడి కోసం విడుదల సొమ్ము కట్టే దిక్కు లేదు. కాబట్టి వాణ్ని బందీగా పట్టుకునే అవసరమూ ఎవరికీ లేదు. ఓడిన కాల్బలాన్ని గుర్రాలతో తరిమి నరకడం ఆ కాలంలో మామూలు వ్యవహారం.

ఉన్ని, పన్ను, పగ

ఫ్లాండర్స్ అప్పట్లో ఫ్రాన్స్ రాజుకు సామంత రాజ్యం. దాన్ని పాలించేవాడు కౌంట్. కాగితం మీద సామంతమే గానీ, సంపదలో దానికి సాటి వచ్చే ప్రాంతాలు ఉత్తర యూరప్‌లో అరుదు. గెంట్, బ్రూజ్, ఈప్ర్ పట్టణాల్లో మగ్గాలు రాత్రింబవళ్లు ఆడేవి. అక్కడ నేసిన ఉన్నిబట్ట దూరదేశాలకు ఎగుమతి అయ్యేది. ముడి ఉన్ని మాత్రం ఇంగ్లండ్ నుంచి రావాలి. ప్రభువేమో ఫ్రాన్స్‌లో, బతుకుతెరువేమో ఇంగ్లండ్‌లో. గొడవలన్నిటికీ మూలం ఇదే.

1297లో ఫ్లాండర్స్ కౌంట్ గై ద దాంపియెర్ ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్‌తో చేతులు కలిపాడు. ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ ఊరుకోలేదు. సైన్యం పంపాడు. 1300 నాటికి ముసలి కౌంట్‌నూ, పెద్దకొడుకు రాబర్ట్‌నూ బంధించి, ఫ్లాండర్స్‌ను నేరుగా తన ఏలుబడిలోకి తెచ్చుకున్నాడు. గవర్నరుగా జాక్ ద షాతియాన్‌ను పెట్టాడు.

పట్టణాల్లోని సంపన్న వర్తకులు రాజు పక్షం. నేతగాళ్లు, ఉన్నిబట్టను తొక్కి బిగువు చేసేవాళ్లు, కసాయివాళ్లు కౌంట్ పక్షం. 1301లో రాజదంపతులు ఫ్లాండర్స్ చూడటానికి వచ్చారు. ఆ వేడుకల ఖర్చును పట్టణవాసుల నెత్తిన రుద్దడంతో బ్రూజ్ భగ్గుమంది. పీటర్ ద కోనింక్ అనే పేద నేతగాడు నాయకుడయ్యాడు. అతన్ని జైల్లో పెడితే జనం వెళ్లి విడిపించుకొచ్చారు.

1302 మే 18 తెల్లవారుజామున బ్రూజ్‌లో నిద్రపోతున్న ఫ్రెంచ్ దళం మీద తిరుగుబాటుదారులు విరుచుకుపడి దొరికినవాళ్లను దొరికినట్టు చంపారు. షాతియాన్ తప్పించుకున్నాడు. ఆ దెబ్బకు బదులు తీర్చడానికే నాలుగో ఫిలిప్ తన రాజ్యంలోని మేటి యోధులను ఏరికోరి పంపాడు.

అందరూ చుట్టాలే

దండు నాయకుడు ఆర్త్వా కౌంట్ రాబర్ట్. రాణికి స్వయానా మేనమామ. వయసు యాభై దాటింది. యుద్ధం వాళ్ల ఇంటికి కొత్త కాదు. తండ్రి, సెయింట్ లూయీగా పేరొందిన తొమ్మిదో లూయీ తమ్ముడు. 1250లో ఈజిప్టులోని మన్సూరాలో, ఆగమన్న మాట వినకుండా గుర్రాన్ని ఉరికించి చనిపోయాడు. రాబర్ట్ పుట్టింది ఆ తర్వాతే. రాబర్ట్ కొడుకు ఫిలిప్ 1297లో ఫ్లాండర్స్‌లోనే జరిగిన ఫ్యూర్న్ పోరులో గాయపడి, మరుసటి ఏడాది కన్నుమూశాడు. తండ్రిని చూడని కొడుకు, కొడుకును పోగొట్టుకున్న తండ్రి. ఆయనే ఇప్పుడు అదే నేల మీదికి మళ్లీ దండెత్తి వచ్చాడు.

గవర్నర్ షాతియాన్ ఆయనకు తమ్ముడే. తల్లి ఒక్కరే, తండ్రులు వేరు. వెనక దళాన్ని నడిపిన సెయింట్ పోల్ కౌంట్ గై కూడా ఆ తల్లి కొడుకే.

మరో పెద్ద తలకాయ కానిస్టేబుల్ రావుల్ ద నెల్. అప్పటి ఫ్రాన్స్‌లో రాజు తర్వాత సైన్యానికి పెద్ద కానిస్టేబులే. ఆయన ఇరకాటం ఇంకో రకం. ఆయన కూతుర్ని చేసుకున్నది ఫ్లాండర్స్ కౌంట్ కొడుకు. అంటే జైల్లో ఉన్న శత్రువు ఆయనకు వియ్యంకుడు. ఎదుటి సైన్యాన్ని నడుపుతున్న గై ఆఫ్ నామూర్ ఆ వియ్యంకుడి మరో కొడుకు. వాగుల మధ్య పోరు మంచిది కాదు, కొంత ఆగుదామని కానిస్టేబుల్ యుద్ధసభలో అన్నాడనీ, చుట్టరికం చూసి వెనకాడుతున్నావా అన్నట్టు ఆర్త్వా దెప్పాడనీ, అందరికంటే ముందు నేనే వెళ్తానని ఆయన బదులిచ్చాడనీ వృత్తాంతాల్లో ఉంది. పౌరుషం ముందు సలహా ఓడిపోయింది.

ఎదుటి పక్షంలోనూ ప్రభువులు లేకపోలేదు. గై ఆఫ్ నామూర్‌తో పాటు, ముసలి కౌంట్ కూతురి కొడుకు విలియం ఆఫ్ యూలిష్ ఉన్నాడు. చర్చి పదవిని పక్కనపెట్టి కత్తి పట్టిన యువకుడతను. జీలండ్ నుంచి వచ్చిన అనుభవజ్ఞుడు యాన్ వాన్ రెనెస్సె ఉన్నాడు. అయితే వాళ్ల వెనక నిలిచిన ఎనిమిది, పది వేల మందిలో నైట్‌లు పిడికెడు. మిగిలినవాళ్లంతా పట్టణాల వృత్తిసంఘాల సభ్యులు, పల్లెల రైతులు. ఫ్రెంచ్‌వాళ్ల వైపు కాల్బలం, బాణాలవాళ్లు కొన్ని వేలమంది ఉన్నా, వాళ్ల నమ్మకమంతా సుమారు 2,500 మంది కవచధారి రౌతుల మీదే.

వాగులు, గూడెన్‌డాగ్‌లు

కోర్ట్రైక్ కోటలో చిక్కుకున్న తమ దళాన్ని విడిపించడం ఫ్రెంచ్ సైన్యం తక్షణ లక్ష్యం. ఫ్లాండర్స్ సైన్యం పట్టణానికి తూర్పున గ్రూనింగె మైదానంలో నిలబడింది. చోటు ఎంపికలోనే సగం గెలుపు ఉంది. ముందు రెండు వాగులు, చిత్తడి నేల. గుర్రాలు ఊపందుకోవాలంటే దూరం కావాలి. వాగు దాటాక ఆ దూరం మిగలదు. వెనక లెయె నది. పారిపోదామన్నా దారి లేదు. నాయకులు కూడా గుర్రాలు దిగి, వాటిని పంపేసి, జనంతో పాటు నేల మీద నిలబడ్డారు. చావో రేవో అందరికీ ఒకటేనని చాటే పని అది. పోరుకు ముందు పీటర్ ద కోనింక్‌కూ, అతని ఇద్దరు కొడుకులకూ నైట్ పట్టం కట్టారు. పూజారి ప్రసాదం చూపగా ప్రతివాడూ చిటికెడు మన్ను నోట్లో వేసుకున్నాడని ఫ్లోరెన్స్ చరిత్రకారుడు జొవాన్ని విల్లాని రాశాడు.

వాళ్ల ఆయుధం గూడెన్‌డాగ్. సుమారు ఐదడుగుల బలమైన కర్ర. పైభాగం గదలా లావుగా ఉంటుంది. దాని కొసన ఇనుప మేకు. దగ్గరికొచ్చిన గుర్రాన్ని పొడవొచ్చు, పడిన రౌతు తల మీద మోదొచ్చు. ఒక నైట్ కవచం, యుద్ధాశ్వం ఖరీదుతో ఇలాంటివి ఎన్నో చేయించవచ్చు. వీటి పక్కనే పొడవాటి ఈటెలు నేలకు ఆనించి పట్టుకున్నవాళ్లున్నారు. ఒకే సంఘంవాళ్లు ఒకే జెండా కింద, ఒక్కచోటే నిలబడ్డారు. పక్కన ఉన్నది రోజూ కలిసి పనిచేసే మనిషి. వాడు చూస్తుండగా పారిపోతే ఊళ్లో తలెత్తుకోలేరు.

మధ్యాహ్నం బాణాలతో పోరు మొదలైంది. ఫ్రెంచ్ బాణాలవాళ్లది పైచేయి అవుతున్నట్టే కనిపించింది. అప్పుడు ఆర్త్వా కాల్బలాన్ని వెనక్కి పిలిచి రౌతుల్ని ఉసిగొల్పాడు. గెలుపు దక్కే వేళ ఆ పేరు పాదచారులకు పోకూడదన్న తొందర అందులో ఉందని అప్పటి నుంచీ విమర్శ ఉంది. వాగుల దగ్గర కొన్ని గుర్రాలు తడబడ్డాయి, కొన్ని కూలాయి. దాటిన రౌతులు వరుసను గుద్దారు. గుర్రాలొస్తే నాటు జనం చెల్లాచెదురవుతారన్నది వాళ్ల అనుభవం. ఈసారి చాలాచోట్ల వరుస చెదరలేదు. నడుమ ఒకచోట తెగితే, వెనక దళంతో కాచుకుని ఉన్న రెనెస్సె వచ్చి పూడ్చాడు. కోటలోంచి దూసుకొచ్చిన ఫ్రెంచ్ దళాన్ని ఈప్ర్‌వాళ్లు తిప్పికొట్టారు. ఆగిపోయిన గుర్రం మీది రౌతుకు అతని బరువే శత్రువైంది.

చివరికి ఆర్త్వా స్వయంగా మిగిలిన రౌతులతో ఉరికాడు. శత్రు పతాకం దాకా వెళ్లి, దాన్ని చింపాడని వృత్తాంతాలు చెబుతున్నాయి. అక్కడే ఆయన్ని కూల్చారు. కూల్చింది టెర్ డూస్ట్ మఠానికి చెందిన విల్లెమ్ వాన్ సాఫ్టింగె అని ఫ్లాండర్స్ సంప్రదాయం. మఠంలో పనిపాటలు చూసుకునే సోదరుడతను. రాణి మేనమామ ప్రాణం తీసిన పేరు అతనికి దక్కింది.

ముళ్లుంటే చావే

ఇక్కడే అసలు తేడా. యుద్ధానికి ముందే ఫ్లాండర్స్ నాయకులు ఆజ్ఞ ఇచ్చారు. పోరు ముగిసేదాకా ఎవరూ దోపిడీకి వంగకూడదు, ఎవరినీ బందీగా పట్టుకోకూడదు. తప్పితే పక్కవాడే చంపేస్తాడు. దీనికి సైనిక కారణం ఉంది. ఒక్కడు బందీ కోసం వరుస విడిస్తే ఆ సందులోంచి గుర్రాలు దూరతాయి. దానికంటే పెద్ద కారణం, విడుదల సొమ్ము బేరంలో నేతగాడికి ఏనాడూ చోటు లేకపోవడం. ఓడితే తమను ఎవరూ బతకనివ్వరని బ్రూజ్ జనానికి బాగా తెలుసు. మే 18 తర్వాత తాము క్షమాభిక్ష అడిగే స్థితిలో లేమనీ తెలుసు.

ఫ్రెంచ్ పక్షాన వచ్చిన బ్రబంట్ యోధులది ఫ్లాండర్స్ భాషకు దగ్గరి భాషే. ఓటమి ఖాయమయ్యాక వాళ్లలో కొందరు ఫ్లాండర్స్ రణనినాదం అరుస్తూ జనంలో కలిసిపోవాలని చూశారు. ముళ్లు కట్టుకున్న ప్రతివాణ్నీ చంపమని గై ఆఫ్ నామూర్ ఆజ్ఞాపించాడని ఒక వృత్తాంతం. తమవాళ్లంతా నేల మీదే ఉన్నారు కాబట్టి, మడమకు ముళ్లున్నవాడు పగవాడే. హోదాకు గుర్తయిన నగే ఆ పూట మరణశాసనం అయింది.

వెనక దళంలో ఉన్న సెయింట్ పోల్ కౌంట్ గై ఇదంతా చూసి, యుద్ధంలోకి దిగకుండానే దళంతో సహా వెనుదిరిగాడు. ఒక తల్లి బిడ్డలు ముగ్గురిలో ఇద్దరు పొలంలో మిగిలారు, ఒకడు ఇంటికి చేరాడు.

నేలకూలిన పెద్దలు

- రాబర్ట్, ఆర్త్వా కౌంట్, సేనాపతి
- రావుల్ ద నెల్, ఫ్రాన్స్ కానిస్టేబుల్
- గీ ద నెల్, మార్షల్, రావుల్ తమ్ముడు
- సిమోన్ ద మెలాన్, మార్షల్
- జాక్ ద షాతియాన్, ఫ్లాండర్స్ గవర్నర్
- పియెర్ ఫ్లోత్, రాజముద్ర అధికారి, రాజుకు కుడిభుజం లాంటి న్యాయవేత్త
- జాన్ ద బ్రియెన్, యూ (Eu) కౌంట్
- జాన్ ద పొంత్యూ, ఓమాల్ కౌంట్
- గాడ్‌ఫ్రీ ఆఫ్ బ్రబంట్, అతని కొడుకు జాన్
- జాన్, హైనో కౌంట్ పెద్దకొడుకు

వీళ్లతో కలిపి చనిపోయిన కవచధారులు వెయ్యికి పైనే. ఫ్లాండర్స్ వైపు పోయింది కొన్ని వందల మంది. వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

చావుల లెక్క తేలింది తర్వాతే

గొప్పింట్లో చావు అంటే ఆస్తి చేతులు మారడం. ఆర్త్వా రాబర్ట్ కొడుకు ముందే పోయాడు కాబట్టి, ఆర్త్వా సీమ ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. కొడుకు కొడుకైన మనవడు రాబర్ట్‌దా, కూతురు మహోదా? ఆర్త్వా ఆనవాయితీ ప్రకారం బతికున్న కూతురికే ఇచ్చారు. మనవడు జీవితాంతం ఆ దావా వదల్లేదు. దొంగపత్రాలు పుట్టించి పట్టుబడి, 1332లో దేశబహిష్కారానికి గురై, చివరికి ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ పంచన చేరాడు. తన శత్రువుకు ఆశ్రయమిచ్చాడన్న అభియోగంతోనే 1337లో ఫ్రాన్స్ రాజు ఎడ్వర్డ్ అధీనంలోని గియెన్‌ను జప్తు చేశాడు. నూరేళ్ల యుద్ధం అక్కడ మొదలైంది. దానికి ఇంకెన్నో కారణాలున్నా, కోర్ట్రైక్‌లో తెగిన ఒక వారసత్వపు తాడు అందులో చుట్టుకుని ఉంది.

హైనోలోనూ ఇలాంటిదే. పెద్దకొడుకు పోవడంతో తమ్ముడు విలియం కౌంట్ అయ్యాడు. అతని కూతురు ఫిలిప్పాయే తర్వాత మూడో ఎడ్వర్డ్ భార్యగా ఇంగ్లండ్ రాణి అయింది.

ఫ్లాండర్స్‌కు మాత్రం గెలుపు పూర్తిగా దక్కలేదు. 1304 ఆగస్టులో మోఁ-జాఁ-పెవెల్ దగ్గర నాలుగో ఫిలిప్ స్వయంగా పోరాడి, ప్రాణాపాయం తప్పించుకుని, యుద్ధం తనవైపు తిప్పుకున్నాడు. విలియం ఆఫ్ యూలిష్ అక్కడే చనిపోయాడు. 1305 నాటి ఆతీ ఒప్పందం ఫ్లాండర్స్ మీద భారీ జరిమానాలు మోపింది. లీల్, దువే పట్టణాలు ఫ్రాన్స్ చేతికి పోయాయి. 1382లో వెస్ట్‌రోజెబెకె దగ్గర ఫ్లాండర్స్ సైన్యాన్ని ఓడించిన ఫ్రెంచ్‌వాళ్లు కోర్ట్రైక్‌ను తగలబెట్టి, చర్చిలోని స్పర్‌లను ఎనభై ఏళ్ల తర్వాత తీసుకెళ్లారు. పట్టణ గోపురం మీది గంట కొట్టే బొమ్మనూ వదల్లేదు. అది ఈనాటికీ ఫ్రాన్స్‌లోని దిజోఁ చర్చి మీద గంట కొడుతోంది.

యుద్ధవిద్య మాత్రం వెనక్కి వెళ్లలేదు. 1314లో బానక్‌బర్న్ దగ్గర స్కాట్‌లు కాలినడకనే ఇంగ్లిష్ రౌతుల్ని ఓడించినప్పుడు, వాళ్లు కోర్ట్రైక్ దారి పట్టారని ఇంగ్లిష్ నైట్, వృత్తాంతకర్త థామస్ గ్రే రాశాడు. ఆ మరుసటి ఏడాది మోర్‌గార్టెన్‌లో స్విస్ పల్లెజనం ఆస్ట్రియా రౌతులకు అదే పాఠం చెప్పారు.

కథలో కలిసిన కల్పన

ఐదు వందల ఏళ్ల తర్వాత ఈ యుద్ధానికి రెండో పుట్టుక వచ్చింది. 1838లో హెండ్రిక్ కాన్సియెన్స్ రాసిన ‘ఫ్లాండర్స్ సింహం’ నవల ఇంటింటికీ చేరింది. అందులో కౌంట్ పెద్దకొడుకు రాబర్ట్ బంగారు కవచంతో వచ్చి యుద్ధం గెలిపిస్తాడు. నిజానికి ఆ రోజు ఆయన ఫ్రాన్స్‌లో బందీ. కసాయి యాన్ బ్రైడెల్‌ను యుద్ధవీరుడిగా నిలబెట్టిందీ నవలే. ఆ పోరులో అతనేం చేశాడో చెప్పే గట్టి ఆధారాల్లేవు. అయినా బ్రూజ్ నడిబొడ్డున కోనింక్ పక్కన అతని విగ్రహం ఉంది. ఊరి ఫుట్‌బాల్ స్టేడియానికీ అతని పేరే.

ఫ్రెంచ్ భాషకూ, ఫ్లెమిష్ భాషకూ మధ్య జరిగిన యుద్ధంగా దీన్ని చూడటం కూడా ఆ కాలపు అవసరమే. ఫ్లాండర్స్ పక్షపు ప్రభువులు ఇంట్లో మాట్లాడింది ఎక్కువగా ఫ్రెంచే. ఫ్లెమిష్‌కు దగ్గరి భాష మాట్లాడే బ్రబంట్‌వాళ్లు చచ్చింది ఫ్రాన్స్ రాజు కోసం. బ్రూజ్‌లోని సంపన్న వర్తకులు ఫ్లెమిష్‌లోనే రాజుకు జైకొట్టారు. గీత భాష దగ్గర కంటే పన్ను దగ్గర, పట్టణ పాలనలో వాటా దగ్గరే లోతుగా ఉంది. అయినా జనం జ్ఞాపకం తనకు కావలసినదే ఉంచుకుంది. జులై 11 ఇప్పుడు బెల్జియంలో ఫ్లెమిష్ సమాజపు అధికారిక పండుగ రోజు.

ఎవరి ధర్మం ఎవరికి?

చనిపోయిన ప్రభువుల్ని మూర్ఖులనడం తేలిక. వాళ్లలో కానిస్టేబుల్ లాంటి ఆలోచనపరులున్నారు, ఆర్త్వా లాంటి అనుభవజ్ఞులున్నారు. వాళ్లు నమ్ముకున్న లెక్క రెండు శతాబ్దాలు పనిచేసింది కూడా. గుర్రం దిగి కత్తి అప్పగిస్తే బతుకుతాననుకున్నవాడికి, ఎదుటివాడు ఆ ఒప్పందంలో ఎన్నడూ లేడని అప్పుడు తట్టలేదు. తమ మధ్యే కుదుర్చుకున్న రక్షణను లోకధర్మం అనుకోవడమే వాళ్ల ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ తర్వాత ఒప్పందంలో ఉన్నవాళ్లే దాన్ని తెంచడం మొదలుపెట్టారు. 1415లో ఆజిన్‌కోర్ట్ దగ్గర ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీ, మళ్లీ దాడి జరుగుతుందన్న భయంతో, లొంగిపోయిన ఫ్రెంచ్ ప్రభువుల్ని చంపించాడు. ఆ యుద్ధంలో ఫ్రాన్స్ ముగ్గురు డ్యూక్‌లనూ, మరో కానిస్టేబుల్‌నూ పోగొట్టుకుంది. చంపించినవాడు నేతగాడు కాడు, కిరీటం ఉన్న రాజు. కొందరికే ఉన్న రక్షణ అవసరమైనప్పుడు ఎవరికీ ఉండదని అక్కడ తేలిపోయింది.

లొంగిపోయిన సైనికుణ్ని చంపకూడదన్న నియమం రౌతుకూ, కాలిబంటుకూ ఒకేలా వర్తించాలని ప్రపంచం రాతపూర్వకంగా ఒప్పుకోవడానికి ఇంకా శతాబ్దాలు పట్టింది. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రాణం కాపాడటానికి యుద్ధఖైదీ వంశమేమిటో, విడుదల సొమ్ము ఎంత తేగలడో అడగదు.